కేసా తాత అనని మాట

ఫిబ్రవరి 10, సోమవారం

నా పేరు వచ్చింది.

పొద్దున టీ తాగుతూ అలవాటుగా ఆ వెబ్‌సైట్ తెరిచాను. ప్రపంచంలో ఫిలాసఫీ చెప్పి బతికేవాళ్ళ వార్తలన్నీ అందులో వేస్తారు. ఎవరు రిటైరయ్యారు, ఎవరికి ఎక్కడ ఉద్యోగం దొరికింది, ఏ డిపార్ట్‌మెంటు మూసేశారు, ఎవరు ఎవరి మీద ఉత్తరం రాసి ఎంతమందితో సంతకాలు పెట్టించారు. తొమ్మిదేళ్ళుగా చదువుతున్నాను. వాళ్ళ గొడవలన్నీ పక్కింటి గొడవల్లా నాకు తెలుసు. నేనొకదాన్ని ఉన్నానని వాళ్ళకు తెలియదు. ఈరోజు నాలుగో వార్త నా వ్యాసం గురించి. "ఇచ్చిన మాట ఎవరిది? బస్తర్ అడవిలోని ఒక పెద్దాయన జవాబు." కింద నా పేరు, దంతెవాడ.

స్టాఫ్‌రూములో పూనంకి చూపించాను. పూనం పొలిటికల్ సైన్స్ చెబుతుంది. నాలాగే అతిథి వ్యాఖ్యాత. అతిథి అన్నారే గానీ పీరియడ్ చెబితేనే జీతం, పర్మనెంటు మనిషి బదిలీ మీద వస్తే ఆ సాయంత్రానికి మనం ఇంటికి. "దీదీ, ఇంక నీ ఇంటర్వ్యూ పక్కా" అంది. ఏప్రిల్‌లో రాయ్‌పూర్‌లో ఇంటర్వ్యూ. ఫిలాసఫీకి ఉన్న పోస్టులు మూడే.

అమ్మా, చూశావా. పక్కా నౌకరీ తెచ్చుకొమ్మని అడిగావు. తెచ్చుకుంటానని నీ చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. ఇన్నేళ్ళకు దగ్గరికి వచ్చాను.

ఫిబ్రవరి 11

నా వ్యాసంలో పదిహేడో పేజీ మళ్ళీ చదివాను. బాగానే ఉంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సెకండియర్ క్లాసు. పదకొండు మందికి తొమ్మిది మంది వచ్చారు. వచ్చే ఏడాది పదిమంది చేరకపోతే సబ్జెక్టే తీసేస్తామని ప్రిన్సిపాల్ సార్ ఈ నెలలో రెండోసారి గుర్తుచేశారు. ఆయన నవ్వుతూ గుర్తుచేస్తారు కాబట్టి మనమూ నవ్వక తప్పదు.

క్లాసయ్యాక జోగే ఆగింది. ఆ అమ్మాయిది మా ఊరు గొల్లపల్లి పక్క ఊరే. ఫోనులో నా వార్త చదివిందట. "మేడమ్, ఇందులో కేసా అంటే మన కేసా తాతనేనా?" అంది. అవునన్నాను.

"మంచిగ రాసిండ్రు. తీర్పు కాడ ఆయన గట్లనే చేస్తడు. కానీ చచ్చిపోయినోళ్ళకిచ్చిన మాట గురించి తాత ఎప్పుడన్నడు మేడమ్? నేనైతే ఇనలే."

నాతో విడిగా అన్నాడని చెప్పాను. తలూపి వెళ్ళిపోయింది. మంచి పిల్ల. ప్రశ్న అడగడం నేనే నేర్పాను.

ఫిబ్రవరి 19

హైదరాబాదు నుంచి ఈమెయిల్. ప్రొఫెసర్ చక్రధరరావు. ఆయన పుస్తకాలు చదివే నేను పీజీ పాసయ్యాను. వ్యాసం అద్భుతంగా ఉందని, అందులోనూ పదిహేడో పేజీ తనను నిద్రపోనివ్వలేదని రాశారు. గిరిజన తత్వచింతన మీద పెద్ద సదస్సు పెడుతున్నారట. దానికి ముందు కేసా గారిని స్వయంగా కలిసి, ఆ మాట ఆయన నోట రికార్డు చేసుకోవాలట. మార్చిలో వస్తారు.

పూనం ఎగిరి గంతేసింది. పోయినసారి ఇంటర్వ్యూ బోర్డులో ఈయనే ఉన్నాడని ఎవరో చెప్పారట.

నాకు కడుపులో తిప్పుతోంది. మధ్యాహ్నం హోటల్లో తిన్న పూరీ వల్ల కావచ్చు.

ఫిబ్రవరి 20

పూరీ వల్ల కాదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎక్కడో ఒకచోట ఇది రాయాలి. ఈ నోటుబుక్కు ఎవరూ చదవరు.

వ్యాసంలో మొదటి సగం నిజం. మా ఊళ్ళో తగాదా వస్తే కేసా తాత దగ్గరికి వెళ్తారు. ఆయనది ఒకటే పద్ధతి. ఎదుటివాడికి జవాబు చెప్పేముందు, వాడన్న మాట వాడికి తిరిగి చెప్పాలి. వాడు విని "అవును, నేనన్నది ఇదే" అనేదాకా నీ మాట మొదలుపెట్టడానికి లేదు. సగం తగాదాలు అక్కడే అయిపోతాయి, ఎందుకంటే తిరిగి చెప్పబోతే ఎదుటివాడు అనని మాటకే మనం కోపం తెచ్చుకున్నామని తెలుస్తుంది. చిన్నప్పుడు మేకల కోసం జరిగిన తీర్పు నేను కళ్ళారా చూశాను. ఇదంతా నిజం.

పదిహేడో పేజీ నిజం కాదు. అక్కడ ఇలా ఉంది: "కేసా అంటాడు: ఇచ్చిన మాట ఇచ్చినవాడిది కాదు, పుచ్చుకున్నవాడిది. దాన్ని వదిలిపెట్టే హక్కు అతనిదే. అతను పోతే వదిలిపెట్టేవాడు ఇంక లేడు. కాబట్టి చనిపోయినవాళ్ళకు ఇచ్చిన మాటే అన్నిటికన్నా గట్టిది."

కేసా తాత అది అనలేదు. అది నాది. అమ్మ పోయిన ఏడాది, కుంట బస్సులో కిటికీ పక్క కూర్చుని నేను అనుకున్నది. నా పేరుతోనే రాసి రెండు పత్రికలకు పంపాను. ఒకరు నాలుగు రోజుల్లో తిప్పి పంపారు. ఇంకొకరు, రచయిత్రి ఈ విషయంలో జరిగిన చర్చలను చదివినట్టు లేదని రాశారు. చదివాను. దంతెవాడలో కూర్చుని ఎంత దొరికితే అంత చదివాను. మూడోసారి, తాత పద్ధతిని ముందు పెట్టి, పదిహేడో పేజీకి మొదట "కేసా అంటాడు" అని రెండు మాటలు చేర్చాను. అంతే. ఇంకేమీ మార్చలేదు. ఆ పత్రికవాళ్ళకు మతిపోయింది.

ఇంకొకరి మాట దొంగిలించినవాళ్ళ గురించి ఆ వెబ్‌సైట్‌లో నెలకొకటి వస్తుంది. తన మాట ఇంకొకరికి అంటగట్టినదాన్ని ఏమంటారో నాకు తెలియదు. నేను ఎవరి సొమ్మూ తీసుకోలేదు కదా.

ఫిబ్రవరి 26

ఆలోచిస్తే, రెండో సగం మొదటి సగంలోంచే వస్తుంది. అడిగితే తాత కూడా అదే అంటాడు. అడగలేదంతే.

మార్చి 3

చక్రధరరావు గారికి మన భాష రాకపోతే పక్కన నేనే అనువాదకురాలిని, తాత ఏమన్నా పదిహేడో పేజీ ప్రకారం చెప్పేదాన్ని అని ఒక్క క్షణం ఆశపడ్డాను. నాకే సిగ్గేసింది. పైగా ఆయనది ఖమ్మం, మన మాట ఆయనకు తెలుస్తుంది.

మార్చి 9, ఆదివారం, గొల్లపల్లి

నిన్న వచ్చాను. దంతెవాడ నుంచి సుక్మా, అక్కణ్ణుంచి కుంట, ఆపైన జీపు. తమ్ముడు దుర్గేశ్ ఎందుకొచ్చావని అడిగాడు. చూడాలనిపించిందన్నాను. అనుమానంగా చూశాడు, నాకు చూడాలనిపించడం వాడు ఎప్పుడూ చూడలేదు.

కేసా తాత ఇంటి ముందు కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. ఇప్పపువ్వు ఇంకో వారంలో రాలుతుంది, బుట్టలు కావాలి. ఆ సంగతీ ఈ సంగతీ మాట్లాడి మెల్లగా మొదలుపెట్టాను. "తాతా, ఒకరికి మాటిచ్చినం అనుకో. ఆ మాట ఎవరిదంటవ్? పుచ్చుకున్నోళ్ళదే గదా?"

"ఎవరికిచ్చినవ్?"

"ఊరికే అడుగుతున్న. పుచ్చుకున్నోళ్ళు చచ్చిపోతే, ఇంక ఇడిసిపెట్టేటోళ్ళు ఉండరు గదా. అప్పుడా మాట ఇంకా గట్టిగయితది గదా?"

తాత వెదురు బద్ద పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. "ఏందే ప్రశాంతీ, అడుగుతున్నవా, చెప్తున్నవా?"

అడుగుతున్నానన్నాను. "అడిగేటోళ్ళు గదా గదా అనరు" అని మళ్ళీ బుట్ట అందుకున్నాడు. హైదరాబాదు నుంచి ఒక పెద్దసారు నీ తీర్పు పద్ధతి తెలుసుకోవడానికి వస్తాడని మాత్రం చెప్పాను. రానీ అన్నాడు.

ఆయన కాదని మాత్రం అనలేదు. అది రాసి పెట్టుకోవాలి. కాదని అనలేదు.

మార్చి 12

కేసా తాతకు జ్వరమని, ఇప్పట్లో రావద్దని చక్రధరరావు గారికి ఈమెయిల్ పెట్టాను. జ్వరం తాతకు కాదు, నాకు వచ్చేటట్టుంది.

మార్చి 13

జవాబు. "పాపం పెద్దాయన. మందులు తీసుకుని వస్తాను. 23న ఆదివారం ఖాయం."

మార్చి 17

పూనం ఇంటర్వ్యూకి ఏ చీర కట్టుకోవాలో చెబుతోంది. పచ్చది వద్దట, పోయినసారి పచ్చచీర కట్టుకున్నవాళ్ళెవరికీ రాలేదట. పొలిటికల్ సైన్స్ చెప్పే మనిషి. నాకు నవ్వు రాలేదు. నిజం చెబితే ఏమవుతుంది అని కాగితం మీద రాసుకున్నాను. పత్రిక వ్యాసం వెనక్కి తీసుకుంటుంది. ఆ వార్త అదే వెబ్‌సైట్‌లో వస్తుంది. ఇంటర్వ్యూ పోతుంది. వయసు మించిపోతుంది కాబట్టి నాకు ఇదే ఆఖరి ఇంటర్వ్యూ. చెప్పకపోతే ఏమవుతుంది అని రెండో వైపు మొదలుపెట్టి, ఏమీ రాయలేకపోయాను.

అమ్మకిచ్చిన మాట కోసం చేశాను. అది నిజం.

మార్చి 24, సోమవారం, గొల్లపల్లి

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. కాలేజీకి సెలవు పెట్టాను.

చక్రధరరావు గారు పదకొండింటికి కారు దిగారు. తెల్లటి లాల్చీ, చేతిలో మందుల సంచి, చిన్న రికార్డరు. తాత ఇప్పచెట్ల కింద ఉన్నాడంటే అక్కడికే వెళ్ళాం. పువ్వు రాలే నెలలో ఆయన మనుషుల కోసం ఆగడు. నేల మీద నుంచి ఒక్కొక్క పువ్వూ ఏరి బుట్టలో వేస్తూ పలకరించాడు. సారు మందుల సంచి ఇవ్వబోతే, "ఎవరికి?" అన్నాడు.

"మీకు జ్వరమట కదా, తగ్గిందా?"

తాత నావైపు చూశాడు. నేను చెట్టువైపు చూశాను. "నాకేం జ్వరం లేదు సారూ. ఎవరన్నరో వాళ్ళకే ఇయ్యి" అన్నాడు. సారు దాన్ని హాస్యమనుకుని పెద్దగా నవ్వారు.

నవ్వాక, కింద దుప్పటి పరుచుకుని కూర్చుని, పదిహేడో పేజీ తీశారు. తానే ఇంగ్లీషు నుంచి తెలుగు చేసుకుని వచ్చారు. నేనైనా అంత బాగా చేయలేను. ఆఖరి వాక్యం చదివి, రికార్డరు తాత దగ్గరగా జరిపారు. "ఈ మాట మీకు ఎలా తోచిందో చెప్పండి కేసా గారూ."

తాత ఏరడం ఆపాడు. ఇరవై ఏళ్ళలో ఇప్పపువ్వు కాలంలో ఆయన ఏరడం ఆపగా నేను చూడలేదు.

"ఇంకోపాలి చదువు" అన్నాడు. సారు మళ్ళీ చదివారు. తాత ఆ మాటలు మెల్లగా తిరిగి చెప్పాడు. ఒక్కటి తప్పలేదు. "ఇదేనా నువ్వు చదివింది?"

"అవును, ఇదే."

"అయితే చెప్తున్న. ఈ మాట నాది గాదు."

సారు నావైపు తిరిగారు. నేను చెప్పడానికి సిద్ధం చేసుకున్నవి మూడు జవాబులు ఉన్నాయి. మరచిపోయి ఉంటాడని, మా డోర్లీ భాషలో వేరేగా అన్నాడని, నేను సారాంశం రాశానని. మూడూ నోటి దాకా వచ్చాయి. వాటిలో ఏది ముందు అనాలా అని నేను ఆలోచిస్తుండగానే తాత మళ్ళీ అందుకున్నాడు.

"మాటయితే మంచిగనే ఉన్నది. ఎవరో బాధపడి అన్నరు. ఎవరిదో వాళ్ళు ఈడ ఉంటే నేను కొట్లాడదును, అందుల ఒక తప్పున్నది. నాది గాని మాటతోని నేనెట్ల కొట్లాడాలె సారూ? ఎవరిదిది?"

ఆ ప్రశ్న సారుని అడిగాడు. చూపు నా మీదే ఉంది.

"నాది" అన్నాను.

మళ్ళీ అన్నాను. "నాది సార్. తాత అనలేదు. నేను రాసి ఆయన పేరు పెట్టాను. జ్వరం కూడా అబద్ధం."

సారు రికార్డరు ఆపేశారు. కోపంగా ఉంటారనుకున్నాను. కోపం కన్నా నిరాశ ఎక్కువగా కనిపించింది. అది నాకు ఎక్కువ గుచ్చుకుంది. "చూడండి ప్రశాంతి గారూ, పత్రికకు మీరే రాయండి. నేను రాయాల్సి వస్తే బాగుండదు" అన్నారు. కారు దగ్గర ఆగి, మెల్లగా ఇంకో మాట కూడా అన్నారు. "ఇది మీ సొంత వాదమైతే, ఇందులో పెద్ద కొత్తదనం లేదు. ఇలాంటివి చాలామంది రాశారు."

"సార్, నెల కిందట ఇది మిమ్మల్ని నిద్రపోనివ్వలేదని రాశారు" అన్నాను. ఎలా అన్నానో తెలియదు. ఆయన కారెక్కారు.

మందుల సంచి దుప్పటి మీదే ఉండిపోయింది.

మార్చి 24, సాయంత్రం

పొద్దున కుంట జీపు ఎక్కాల్సింది, ఎక్కలేదు. తాతతో పాటు ఇప్పపువ్వు ఏరాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. అడిగాను, నీ పేరు పెట్టినందుకు కోపం లేదా అని.

"ఉన్నది. నేనన్ననని రాసింది ముందు కొట్టెయ్. కొట్టేసినంక నీతోని కొట్లాడుత."

కొట్టేస్తానన్నాను. అప్పుడు చెప్పాడు తప్పెక్కడుందో. "మాటిచ్చేటప్పుడు ఇద్దరే ఉంటరని రాసినవ్. ఇనేటోళ్ళు కూడ ఉంటరు. పుచ్చుకున్నోళ్ళు పోతే ఆ మాట ఇన్నోళ్ళ కాడ ఉంటది. ఇడిసిపెట్టనీకి వాళ్ళకు హక్కు లేదు, అది నువ్వన్నదే. కానీ అసలు మాటేందో వాళ్ళే చెప్పాలె. లేకుంటే ఇచ్చినోళ్ళు ఎవరూ అడుగని మాట కూడ మోసుకుంట తిరుగుతరు, నీ లెక్క."

"నేనేం మోస్తున్న?"

"మీ అమ్మ మాట. భద్రాచలం దవాఖాన్ల నేను మంచం కాళ్ళ దిక్కు నిలబడి ఉన్న."

అవును, ఉన్నాడు. అమ్మను జీపులో తీసుకెళ్ళింది ఆయనే. నేను చెప్పాను, అమ్మ పక్కా నౌకరీ తెచ్చుకొమ్మని అడిగింది, నేను మాటిచ్చాను అని.

తాత తల అడ్డంగా ఊపాడు. "మీ అమ్మ సారలమ్మ నౌకరీ మాట ఎత్తలే. పిల్లలకు చదువు చెప్పుడు ఇడువకు బిడ్డా, యాడున్నా సరే, అన్నది. నౌకరీ అన్నది నువ్వు. పక్కా నౌకరీ తెచ్చుకుంట అమ్మా అని రెండుసార్లన్నవ్. ఆమె ఇన్నదో లేదో, కండ్లు మూసుకున్నది."

కాదన్నాను. గట్టిగా కాదన్నాను. బుట్ట అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాను.

మార్చి 25, బస్సులో

పదేళ్ళ కిందటి సంగతి. ముసలాయనకు ఏం గుర్తుంటుంది.

ఆయనకు మొన్న ఒక పేజీ రెండుసార్లు వింటే మాట తప్పకుండా గుర్తుంది.

మార్చి 28

పత్రికకు ఉత్తరం పంపాను. ఎనిమిదిసార్లు రాశాను. మొదటి ఏడింటిలోనూ "పొరపాటు" అనే మాట ఉంది. ఎనిమిదోదాంట్లో తీసేశాను. "పదిహేడో పేజీలోని వాదం కేసా గారిది కాదు, నాది. ఆయన పేరు పెడితే మీరు చదువుతారని పెట్టాను." ఇంటర్వ్యూకి పంపిన నా వ్యాసాల జాబితాలోంచి కూడా దాన్ని తీసేయమని రాయ్‌పూర్‌కి రాశాను. అది లేకపోతే జాబితాలో మిగిలేవి రెండు, రెండూ హిందీ పత్రికల్లో.

పూనంకి చెప్పాను. "దీదీ, నీ మాట నీ పేరుతో వేయమంటే వేయలేదు, ఇప్పుడు నీదేనంటే కొడతారు" అని నాకు టీ పోసింది.

ఏప్రిల్ 3

వెబ్‌సైట్‌లో మళ్ళీ నా పేరు. ఈసారి మొదటి వార్త. కింద రెండు వందల పైన వ్యాఖ్యలు. పన్నెండు చదివి మూసేశాను.

ప్రిన్సిపాల్ సార్ నవ్వుతూ పిలిచారు, నవ్వు మానేసి మాట్లాడారు. ఈ ఏడాదికి పరీక్షలు అయ్యేదాకా ఉండమన్నారు. వచ్చే ఏడాది సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఏప్రిల్ 4

అమ్మ మంచం మీద తెల్ల దుప్పటి ఉంది. నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె పెదాలు కదిలాయి. ఏమందో వినబడలేదని నాకు నేనే ఎప్పుడో చెప్పుకున్నానా? వినబడింది. వినబడింది కాబట్టే నేను వెంటనే అంత గట్టిగా ఇంకో మాట అన్నాను. వట్టి చదువు చెప్పడం నాకు చాలదనిపించింది. నౌకరీ కావాలని కోరుకున్నది నేను. అది అమ్మ అడిగిందంటే ఎవరూ కాదనలేరు, నేను కూడా.

తాతకు ఏం చేశానో అమ్మకు అంతకు ముందే చేశాను.

ఏప్రిల్ 11

రాయ్‌పూర్ వెళ్ళాను. పచ్చచీరే కట్టుకున్నాను. వ్యాసం గురించి అడిగారు, చెప్పాను. ఏడు నిమిషాల్లో బయటికి వచ్చాను.

ఏప్రిల్ 22

జాబితా వచ్చింది. మూడు పేర్లు. నాది లేదు.

ఏడ్చాను. బాగా ఏడ్చాను. అది కూడా రాయాలి, లేకపోతే రేపు చదివినప్పుడు ధైర్యంగా ఉన్నానని అనుకుంటాను.

ఏప్రిల్ 27, ఆదివారం, గొల్లపల్లి

ఊరెళ్ళాను. పరీక్షలు అయిపోయిన జోగే కూడా మా దుర్గేశ్ ఇంటికి వచ్చింది. జూన్‌లో తమ ఊరి పిల్లల్ని ఎంతమందిని ఫిలాసఫీలో చేర్పిస్తే సబ్జెక్టు ఉంటుందో వేళ్ళ మీద లెక్క పెడుతోంది. మేడమ్ ఉంటుందో లేదో తెలియదన్నాను. "ఉంటే కాలేజీల, లేకుంటే మా ఇంటి అరుగు మీద చెప్తరు. ఏముంది" అంది.

కేసా తాత ఎండబెట్టిన ఇప్పపువ్వును సంచుల్లోకి ఎత్తుతున్నాడు. కొత్త వ్యాసం తీసుకెళ్ళాను, జోగే కూడా వెంట వచ్చింది. మొదట నా వాదం, నా పేరుతో. తర్వాత ఆయన పట్టిన తప్పు, ఆయన పేరుతో. ఎవరు వేస్తారో, ఎవరూ వేయరో. ఆయన భాగం చదవబోతే ఆపాడు. "కాయితం పక్కకు పెట్టు. నేనన్నది నోటితోని చెప్పు."

చెప్పాను. కాదన్నాడు. "ఇన్నోళ్ళకు హక్కున్నదని చెప్పినవ్. నేనన్నది హక్కు లేదని, అసలు మాట చెప్పే పని ఉన్నదని." మళ్ళీ చెప్పాను. కొంచెం నయమన్నాడు. మూడోసారి నా మాటలేవీ కలపకుండా, ఆయనవి ఆయన వరసలోనే చెప్పాను.

"అవును. ఇది నాది" అన్నాడు.

సంచి మూతి కట్టి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. "ఇగ మీ అమ్మది చెప్పు."

జోగే మా ఇద్దరి వైపూ చూస్తోంది. నేను చెప్పాను. "పిల్లలకు చదువు చెప్పుడు ఇడువకు బిడ్డా. యాడున్నా సరే."

ఇంకేమన్నా కలుపుతానేమోనని తాత కాసేపు ఆగాడు. నేను కలపలేదు.

"అవును" అన్నాడు. "సారలమ్మ అన్నది ఇదే."